పార కామ ఎంత ఉండాలి: మా పెరటి ప్రాజెక్టు డైరీ

ఆగస్టు 31, ఆదివారం

పొద్దున అమ్మ వంగ మొక్కలకి బోదె (వరస వెంట ఎత్తే మట్టి గట్టు) తవ్వుతూ తవ్వుతూ పార కింద పడేసి, నడుం మీద రెండు చేతులూ ఆనించి అలాగే వంగి ఉండిపోయింది. నిటారుగా లేవడానికి దాదాపు నిమిషం పట్టింది. ఏమైందమ్మా అంటే "వయసురా నాన్నా, ఇంకేముంది" అంది. అమ్మకి 64 ఏళ్ళు, నిజమే. కానీ మా ఆవిడకి 41. సాయంత్రానికి ఆమె నోటా నడుం మాటే, నా నోటా అదే. ముగ్గురికీ ఒకే చోట నొప్పి వస్తుంటే దాన్ని వయసు మీదకి నెట్టడం నాకు సబబుగా అనిపించలేదు.

మాది కందుకూరు వైపు పల్లె. పెరడు 8 సెంట్లు. ఎర్ర నేల, జానెడు దిగితే గరప, అంటే గులకరాళ్ళు కలిసిన గట్టి నేల. వంగ, బెండ, గోరుచిక్కుడు, గోంగూర, గట్టు పక్కన రెండు మునగ చెట్లు. మా వైపు అసలు వానలు అక్టోబరు, నవంబరుల్లోనే. అవి పట్టుకునేలోపు బోదెలన్నీ ఎత్తుకోవాలి. అంటే ఆరు వారాల టైం ఉంది. ఈలోగా పనిముట్లకి కామలు, అంటే పట్టుకునే కర్రలు, మార్చాలని నిర్ణయించుకున్నాను. ఎవరి చేతికి ఎంత కామ కావాలో కొలిచి, చేసి, వాడి చూసి ఇందులో రాస్తాను.

ఇంట్లో ఉన్నవి: ఒక పార, ఒక దోకుడు పార (నేల గీకి లాక్కునేది), ఒక గునపం, ఒక పికాసు, రెండు బొరిగలు (కలుపు తీసే చిన్న చేతి పనిముట్లు). అన్నీ నాన్నగారు కొన్నవి. పార కామ 66 సెంటీమీటర్లు, దోకుడు పార కామ 150. మొదటిది ఇంట్లో అందరికీ పొట్టి. రెండోది అమ్మకి, మా ఆవిడకి బాగా పొడుగు. ఇన్నేళ్ళుగా వీటితోనే పని చేస్తున్నారు, ఒక్కరోజు కూడా ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

సెప్టెంబరు 3, బుధవారం

కొలతలు. వంటగది తలుపు పక్క గోడ మీద పిల్లల ఎత్తు గీతలుంటాయి, వాటి పక్కనే మా ముగ్గురివీ గీశాను. పెరట్లో చెప్పులు వేసుకునే తవ్వుతాం కాబట్టి చెప్పులతోనే నిలబెట్టాను. ఆ రెండు సెంటీమీటర్లు తర్వాత లెక్కలోకి వస్తాయి.

నా ఎత్తు 172, మోచేయి 108. మా ఆవిడ 152, మోచేయి 96. అమ్మ 147, మోచేయి 93. మనిషి ఎత్తులో సుమారు 63 శాతం దగ్గర మోచేయి ఉంటుందని శరీర కొలతల పట్టికల్లో రాసి ఉంటుంది. మా ముగ్గురికీ అది సరిగ్గా కుదిరింది. భుజాలు ఎత్తులో 82 శాతం దగ్గర. టేపు లేనివాళ్ళు ఎత్తు ఒక్కటి తెలుసుకున్నా మిగతావి లెక్క వేసుకోవచ్చు.

పట్టు లావు కూడా చూశాను. కామని గుప్పిట పట్టినప్పుడు బొటనవేలు వచ్చి చూపుడువేలి కొస మీద కూర్చోవాలి. మధ్యలో ఖాళీ మిగిలితే లావెక్కువ, గోళ్ళు అరచేతిలో గుచ్చుకుంటే సన్నం. నాకు చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లు బాగుంది, అంటే మందం 36 మిల్లీమీటర్ల పైన. ఆడవాళ్ళిద్దరికీ 10 నుంచి 10.5, అంటే 32, 33 మిల్లీమీటర్లు. ఇంట్లో ఉన్న పార కామ మందం 41. అమ్మ ఆ పారని పట్టుకున్నప్పుడు వేళ్ళ కణుపులు తెల్లబడటం ఈ రోజే చూశాను. పట్టు కోసమే సగం బలం పోతోంది.

సెప్టెంబరు 7, ఆదివారం

మావాడు ఫోన్ పట్టుకుని పక్కనుంచి వీడియో తీశాడు. పార నేలకి తగిలే క్షణంలో ఆపి చూస్తే మా ఆవిడ వీపు నేలకి సమాంతరంగా ఉంది. తల నడుం ఎత్తులోనే ఉంది. 20 అడుగుల బోదెకి 140 సార్లు అలా వంగి లేచింది, మధ్యలో పూర్తిగా లేచింది నాలుగే సార్లు.

ఇది చూశాక కాలిఫోర్నియా కూలీల సంగతి గుర్తొచ్చింది. అక్కడ లెట్యూస్, బీట్ చేలల్లో అడుగు నుంచి రెండడుగుల కామ ఉన్న పొట్టి పారతో పని చేయించేవాళ్ళు. స్పానిష్ మాట్లాడే కూలీలు దాన్ని ఎల్ కోర్టితో అనేవాళ్ళు, అంటే పొట్టిది అని. పొడుగు కామ ఇస్తే మొక్కలు దెబ్బతింటాయనేది ఆసాముల వాదన. పొట్టి పారతో ఇంకో సౌకర్యం కూడా వాళ్ళకి ఉంది: నడుం ఎత్తిన కూలీ దూరం నుంచే కనిపిస్తాడు, పని ఆపాడని తెలిసిపోతుంది. నడుములు పోయిన కూలీల తరఫున కేసు నడిచి, 1975లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు తీర్పు వాళ్ళకి అనుకూలంగా వచ్చింది. ఆ ఏడాదే పొట్టి పార నిషేధమైంది. మొక్కలకీ ఏమీ కాలేదు, పంటలూ ఆగలేదు. కామ పొడుగు కోసం జనం కోర్టుకెక్కారంటే అది చిన్న విషయం కాదు. మన పల్లెల్లో ఎంతమంది ఆడవాళ్ళు పొట్టి కామలతో జీవితమంతా వంగి ఉన్నారో నాకు ఇప్పుడు కళ్ళకి కడుతోంది.

సెప్టెంబరు 10, బుధవారం

కర్ర. మా వైపు చవకగా దొరికేవి జామాయిల్, సుబాబుల్, సరుగుడు. సుబాబుల్ మెత్తన, పారకి వద్దనుకున్నాను. సరుగుడు గట్టిదే కానీ ఎండేటప్పుడు పగుళ్ళిస్తుంది. అసలైన కామ కర్ర నల్ల తుమ్మ. బండికి, నాగలికి పెద్దవాళ్ళు అదే వాడారు. బరువెక్కువ, కానీ దెబ్బ ఓర్చుకుంటుంది. చిరుమాను దొరికితే ఇంకా మంచిది, ఇక్కడ అడవి దగ్గర్లో లేదు.

తొందరపడి ఒక టింబరు డిపోలో కోసి ఉన్న జామాయిల్ బద్ద తెచ్చి, చిత్రిక పట్టి, 120 సెంటీమీటర్ల కామ చేశాను. పారకి దిగ్గొట్టి చీల వేశాను. చూడటానికి బాగుంది.

సెప్టెంబరు 14, ఆదివారం

ఫెయిలయింది. ఒకటి కాదు, రెండు రకాలుగా.

మొదటిది, మా ఆవిడ నిలబడి దెబ్బ వేస్తే పార దిగలేదు. నేల మీద జారుకుంటూ కాళ్ళ వైపు వచ్చేసింది. రెండు దెబ్బలకి ముంగాలు ముందు ఆగింది. "ఏవండీ, ఇది తవ్వడంలేదు, గీకుతోంది" అంది. అదే బోదెకి 12 నిమిషాలు పట్టేది, ఈసారి 17 పట్టింది. వెంటనే ఆపేయించాను.

రెండోది, సాయంత్రం నేను గట్టి చోట ప్రయత్నిస్తే పలకకి (పార ఇనుప రేకుకి) జానెడు పైన కామ ఏటవాలుగా చీలిపోయింది. విరిగిన చోట చూస్తే కారణం తెలిసింది. రంపంతో కోసిన బద్దలో కర్ర నార కామ పొడుగునా సాగలేదు. పక్కకి తిరిగి మధ్యలోనే బయటికి వచ్చేసింది. నార తెగిన చోటే విరిగింది. కామకి కోసిన కర్ర కంటే చీల్చిన కర్ర మేలని వడ్రంగులు అనేది ఇందుకే. చీలిక నార వెంటే పోతుంది కాబట్టి నార ఈ చివర నుంచి ఆ చివరికి నిలుస్తుంది. కొనేటప్పుడు పక్క మీద గీతలు చూసుకోవాలి. ఆ గీతలు చివరి దాకా పోవాలి. నేను చూడలేదు.

సెప్టెంబరు 17, బుధవారం

మూడు రోజులు ఈ జారుడు గురించే ఆలోచించాను. మావాడి జామెట్రీ బాక్సులో కోణమానిని తీసుకుని వీడియో బొమ్మల మీద పెట్టి కొలిచాను. విషయం అక్కడ దొరికింది.

మా పార పలకకీ, కామకీ మధ్య కోణం 65 డిగ్రీలు. పొట్టి కామతో వంగి తవ్వినప్పుడు చేతులు నేలకి 25 సెంటీమీటర్ల ఎత్తులోకి వస్తాయి, కామ నేలతో 24 డిగ్రీల వాలులో ఉంటుంది. 65లో 24 పోతే 41. పలక నేలలోకి 41 డిగ్రీల వాటంతో దిగుతోంది. బోదె తవ్వడానికి అది చక్కగా సరిపోతుంది.

ఇప్పుడు పొడుగు కామ. మనిషి కాస్తే వంగుతుంది, చేతులు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటాయి, కామ 43 డిగ్రీలకి నిక్కుతుంది. 65లో 43 పోతే మిగిలింది 22. ఆ వాటానికి పలక నేలలోకి దిగదు, నేల మీద గీకుతూ వస్తుంది. మా ఆవిడ అన్న మాటే లెక్కలో కూడా వచ్చింది.

అంటే కామ ఒక్కటే పెంచితే సరిపోదు. కామ ఎంత నిక్కుతుందో పలకని అంత తెరవాలి. మళ్ళీ 41, 42 రావాలంటే మా పార కోణం 85 కావాలి, అంటే 20 డిగ్రీలు తెరవాలి. పొడుగు కామ వేసి చూసి, పని జరగడంలేదని మళ్ళీ పొట్టిదే బిగించుకున్నవాళ్ళు చాలామంది ఉండి ఉంటారు. వాళ్ళ తప్పేం లేదు, పార మెడ, అంటే పలకకీ కామ దూరే కన్నానికీ మధ్య వంపు, అలా ఉంది.

సెప్టెంబరు 20, శనివారం

పార పట్టుకుని కొలిమికి వెళ్ళాను. కమ్మరి బాబాయ్ కి కోణం సంగతి డిగ్రీల్లో చెప్పకుండా అట్టముక్కని 85కి కత్తిరించి తీసుకెళ్ళి చూపించాను. ఆయన పారని, అట్టని ఒకసారి చూసి, "నిలబడి తవ్వాలా? అయితే మెడ ఎత్తాలి" అన్నాడు. నేను మూడు రోజులు కుస్తీ పడ్డది ఆయన ఒక్క చూపులో పట్టేశాడు.

పని చూశాను. పలక అంచుకి తడి గోనెపట్టా చుట్టాడు. "మెడ ఒక్కటే కాలాలి. అంచు కాలితే పదును చచ్చిపోద్ది" అన్నాడు. కన్నం కింద మెడ నిప్పుల్లో పెట్టి, తిత్తి బదులు ఇప్పుడు వాడే చిన్న బ్లోయర్ తిప్పించాడు. మెడ చెర్రీపండు రంగుకి వచ్చింది. పట్టకారుతో దాకలి (ఇనుప దిమ్మ) అంచు మీద ఆనించి, సుత్తితో నాలుగు దెబ్బలు, అట్ట ఆనించి చూడటం, ఇంకో రెండు దెబ్బలు. నీళ్ళలో ముంచలేదు. బూడిదలో వదిలేసి చల్లారనిచ్చాడు. మెడ పెళుసు కాకుండా ఉండాలంటే అలాగే చల్లారాలట. అంతా అరగంట.

అక్కడే అమ్మ కోసం ఒక చిన్న పార కూడా తీసుకున్నాను. మా పార ఇనుము 1.6 కిలోలు, ఇది 1.1. పలక వెడల్పు తక్కువ. ఒక్కో దెబ్బకి మట్టి తక్కువ వస్తుంది, కానీ పైకి ఎత్తేదీ తక్కువే. దీని మెడ కూడా 85కి ఎత్తించాను. ఆయనే ఎండిన నల్ల తుమ్మ కట్టెలు రెండు ఇచ్చాడు, చీల్చినవి.

సెప్టెంబరు 23, మంగళవారం

కామలు చెక్కాను. బాడిసతో మోటుగా, తర్వాత చిత్రిక, చివర పగిలిన గాజు పెంకుతో గీకుడు. గాజు పెంకు పని చిన్నప్పుడు తాతయ్య చేస్తుంటే చూశాను. ఇసుక కాగితం కంటే నున్నగా వస్తుంది, పొట్టు పలచటి పొరల్లా రాలుతుంది. చేతులకి దళసరి గుడ్డ చుట్టుకోవాలి.

నునుపు మీద ఇంత శ్రద్ధ ఎందుకంటే తవ్వేటప్పుడు ఒక చెయ్యి కామ మీద జారుతూనే ఉంటుంది. పైకెత్తేటప్పుడు పలక దగ్గరికి వస్తుంది, దెబ్బ దిగేటప్పుడు వెనక్కి పోతుంది. వార్నిష్ వేస్తే చెమట పట్టి అంటుకుంటుంది, బొబ్బలు లేస్తాయి. అవిసె నూనె పట్టించాను. పెయింట్ల షాపులో లిన్సీడ్ ఆయిల్ అని అడిగితే ఇస్తారు. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకూడదు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. తీగ మీద విడిగా ఆరేశాను.

మా ఆవిడ కామ 112 సెంటీమీటర్లు. అమ్మది 105 అనుకున్నాను. అమ్మ పట్టుకుని రెండుసార్లు ఊపి, "ఇంకో రెండు వేళ్ళు తగ్గించు" అంది. 101కి కోశాను. ఆమె చెప్పిందే సరి. కొలత లెక్కతో మొదలుపెట్టినా ఆఖరి కోత మాత్రం పట్టుకునే మనిషి చెప్పిన చోటే వెయ్యాలి. కాస్త పొడుగు ఉంచి తగ్గించుకుంటూ రావచ్చు, పెంచడం కుదరదు.

సెప్టెంబరు 28, ఆదివారం

అసలు పరీక్ష. నీళ్ళు పెట్టి రెండు రోజులు ఆరిన నేల. 20 అడుగుల బోదెలు, మా ఆవిడ నాలుగు, ఒకదాని తర్వాత ఒకటి. నిన్న పక్కింటివాళ్ళ దగ్గర అరువు తెచ్చిన పొట్టి కామ పారతో నాలుగు తవ్వింది: 12, 13, 16, 20 నిమిషాలు. ఇవాళ కొత్త కామతో: 13, 13, 14, 14.

మొదటి బోదె ఒక్కటే చూస్తే పొట్టి పారే గెలిచింది. కామల గురించి ఎవరు మాట్లాడినా సాధారణంగా ఆ మొదటి పది నిమిషాలే చూస్తారు. నాలుగో బోదె దగ్గర ఆరు నిమిషాలు తేడా వచ్చింది. వీడియోలో వీపు నిలువు నుంచి 35 డిగ్రీలే ఒరిగింది. మధ్యలో నడుం పట్టుకోలేదు. సాయంత్రం అడిగితే "భుజాలు కాస్త లాగుతున్నాయి, నడుం మాత్రం తెలియట్లేదు" అంది.

భుజాలు లాగడానికి కారణం ఉంది. పొట్టి కామ అరకిలో, పొడుగుది దగ్గర దగ్గర 800 గ్రాములు, పైగా బరువంతా దూరంగా చివరన ఉంటుంది. దీన్ని తల మీదకి ఎత్తి కొట్టకూడదు. నడుం ఎత్తు దాకా లేపి వదిలెయ్యాలి, పార బరువే పని చేసుకుంటుంది. మా ఆవిడ పాత అలవాటుతో ఎత్తేస్తోంది. రెండు రోజుల్లో మారుతుంది.

పొడుగు కామ చెయ్యలేనివీ కనిపించాయి. మట్టి తట్టకి ఎత్తడానికి పనికిరాదు, కోణం తెరిచాం కాబట్టి పలక మీద మట్టి నిలవదు. మునగ గుంటలో దిగి తవ్వడానికీ కుదరదు. గరపలో అసలు వద్దు. గట్టి నేలని ముందు గునపంతోనో పికాసుతోనో వదులు చేసుకుని, ఆ తర్వాతే ఇది పట్టుకోవాలి. అందుకని పొట్టి కామ పార ఒకటి ఇంట్లో ఉండాల్సిందే.

అక్టోబరు 5, ఆదివారం

దసరా అయ్యాక మిగతావి.

దోకుడు పార దెబ్బ వేసేది కాదు, లాక్కునేది. కామ నేలకి 55 డిగ్రీల వాలులో ఉండి, పై చెయ్యి మోచేతి ఎత్తులో ఉంటే సుఖం. ఆ లెక్కన మా ఆవిడకి చేతి దాకా 117, పైన పట్టు మిగులు పన్నెండో పదమూడో కలిపి 130 సెంటీమీటర్లు. అమ్మకి 125. నాకు 145 వచ్చింది. నాన్నగారి 150 కామ ఆయన ఎత్తుకి సరిపోయిందే, ఎవరో కొలిచి చేసినట్టే ఉంది. అదే కామతో అమ్మ పని చేసినప్పుడు కొస చంక కింద పొడుచుకునేది, తప్పించుకోవడానికి భుజం పైకెత్తి పట్టుకునేది. ఇది దెబ్బలు తినేది కాదు కాబట్టి ఆడవాళ్ళిద్దరికీ వెదురు కామలే వేశాను. మూడో వంతు బరువు తగ్గింది. కన్నంలోకి వెళ్ళే చోట వెదురు చితికిపోకుండా లోపల కర్ర బిరడా దిగ్గొట్టాను.

గునపం. తాపీ మేస్త్రీలు ఇనుప రాడ్ బరువుకి ఒక లెక్క వాడతారు: మందం మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు కిలోల్లో వస్తుంది. మా గునపం 25 మిల్లీమీటర్లు, ఐదడుగులు. అంటే 5.9 కిలోలు. అమ్మ ఇన్నాళ్ళూ ఎత్తి దించింది ఇదే. 22 మిల్లీమీటర్లు, నాలుగడుగులు తీసుకుంటే 3.6 కిలోలు. నేల మీద నిలబెడితే అమ్మ భుజం దగ్గరికి వస్తుంది, అంతకు మించితే పైకెత్తినప్పుడు చేతులు తల దాటిపోతాయి. కొలిమిలో చెప్పి వచ్చాను, మొన చేసి వారంలో ఇస్తానన్నాడు.

బొరిగలకి పెద్ద పనేం లేదు. పిడి 8 సెంటీమీటర్లే ఉంది, కొస సరిగ్గా అరచేతి నడిమధ్య గుచ్చుకుంటోంది. అమ్మ అరచేతిలో అక్కడ కాయ కాసి ఉంది. 12 సెంటీమీటర్ల పిడి వేసి కొస గుండ్రంగా చేశాను. పిడి అరచెయ్యి దాటి బయటికి రావాలి, అంతే.

అక్టోబరు 12, ఆదివారం

బోదెలన్నీ అయ్యాయి. నిన్న రాత్రి మొదటి గట్టి వాన పడింది, నీళ్ళు చక్కగా కాలవల్లో నిలిచాయి. మా ఆవిడ పార కామ కాస్త కదులుతోంది. తుమ్మ కట్టె ఎండిందే అనుకున్నాను, లోపల ఇంకా పచ్చి ఉన్నట్టుంది, ఆరి సన్నబడింది. ఊళ్ళో అందరూ చేసేట్టు పారని నీళ్ళ తొట్టిలో నానేస్తే ఆ రోజుకి బిగుస్తుంది, కానీ ఆరాక ముందుకంటే వదులవుతుంది. అందుకని పాత చీల తీసి కొంచెం లావు చీల వేశాను. వచ్చే ఏటికి నాలుగు తుమ్మ చీలికలు అటక మీద పడుకోబెట్టాను, చివర్లకి సున్నం పూసి. ఆరు నెలలు ముట్టుకోను.

సాయంత్రం పక్కవీధి వదిన వచ్చింది. కూలికి పోతుంది, ఉపాధి పనికి తన పార తనే తీసుకెళ్తుంది. అమ్మ పారని పట్టుకుని పెరట్లో నాలుగు దెబ్బలు వేసి చూసింది. ఐదోది వెయ్యకుండా ఆగి, "అన్నయ్యా, నాకూ ఇట్టాంటిది అవుద్దా?" అని అడిగింది. గోడ దగ్గర చెప్పులతో నిలబెట్టి గీత గీశాను. ఎత్తు 149, మోచేయి 94. ఆమె పార కామ 58 సెంటీమీటర్లు, మెడ కోణం 62. బుధవారం కొలిమికి తీసుకెళ్ళాలి, అట్ట ముక్క ఇప్పుడే కత్తిరించి పార పక్కన పెట్టాను.